కడుపుతో షుగరా? బరువు కూడా రాసుకోండి

మా పెద్దాడు 4.1 కేజీలతో పుట్టాడు. చూడ్డానికొచ్చిన వాళ్లంతా బొద్దుగా ఉన్నాడని మురిసిపోయారు. రెండు గంటలు తిరక్కుండానే వాడికి షుగర్ పడిపోయింది. ఆ బుల్లి చేతికి సూది గుచ్చి, కదలకుండా అట్టముక్క కట్టి గ్లూకోజ్ ఎక్కించారు. ఆ అట్టముక్క ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది. ఐదేళ్ల తర్వాత పాప 3.1 కేజీలతో పుట్టింది. రెండో కాన్పుకి ఏం మార్చుకున్నానో చెబుతాను.

ముందు అసలు సంగతి. తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది, ఇన్సులిన్ దాటదు. అంత చక్కెరను సర్దుకోడానికి బిడ్డే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుంటుంది, దాంతో ఒంట్లో కొవ్వు పెరుగుతుంది. బొడ్డు కోయగానే చక్కెర ఆగిపోతుంది గానీ ఆ ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. మావాడికి జరిగింది అదే.

నాకు ఆలస్యంగా తెలిసింది ఇంకొకటుంది. తల్లి బరువు ఎక్కువైతే, షుగర్‌తో సంబంధం లేకుండా అది కూడా బిడ్డ బరువును పెంచుతుంది. 9 దేశాల్లో 23 వేల మందికి పైగా గర్భిణులను గమనించిన హాపో అధ్యయనంలో ఇదే తేలింది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు ఎక్కువున్నా అంతే.

అందుకే నెల తప్పకముందే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువున్నామో లేదో చెప్పే లెక్క) చూసుకోండి. మన భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నా ఎత్తు 155 సెంటీమీటర్లు. మొదటిసారి 68 కేజీలతో మొదలై, "ఇద్దరి కోసం తినాలమ్మా" అన్న ప్రతివాళ్ల మాటా విని 17 కేజీలు పెరిగాను. రెండోసారి ముందే 62కి దిగాను, 9 కేజీలే పెరిగాను. నా బీఎంఐకి 7 నుంచి 11.5 కేజీలు పెరిగితే చాలన్నారు. సన్నగా ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ పెరగాలి, మీ లెక్క డాక్టర్‌నే అడగండి. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం బరువు తగ్గించుకోవాలని చూడకండి, పూట మానకండి.

ప్రతి సోమవారం పొద్దున్నే, ఏమీ తినకముందు బరువు చూసుకుని క్యాలెండర్‌లో అదే గడిలో రాసేదాన్ని. పక్కనే షుగర్: పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు. అన్నం ఒకే కప్పుతో కొలిచి పెట్టుకునేదాన్ని. ముందు కూర, పప్పు సగం తిని, ఆ తర్వాతే అన్నం కలుపుకునేదాన్ని. తిన్నాక డాబా మీద పదిహేను నిమిషాలు నడక. ఆ నడక నాకు చాలా మేలు చేసింది, నడవని రోజు అంకె చూస్తేనే తెలిసిపోయేది. సీమంతానికి అత్తయ్య చలిమిడి చేశారు. ఆవిడ మనసు నొప్పించలేక ఉసిరికాయంత ముద్ద తిని, మిగతాది పేరంటాళ్లకు పంచాను.

ఇవన్నీ చేసినా ఎనిమిదో నెలలో పరగడుపు షుగర్ దిగలేదు, ఇన్సులిన్ మొదలుపెట్టారు. దయచేసి దానికి భయపడకండి, మీరేదో తప్పు చేశారనీ అనుకోకండి. స్కానింగ్‌కి వెళ్లినప్పుడల్లా బిడ్డ పొట్ట చుట్టుకొలత ఎలా ఉందో అడగండి, కొవ్వు చేరుతుంటే ముందు తెలిసేది అక్కడే. పుట్టిన గంటలోపే పాలు పట్టండి, బిడ్డ షుగర్ చూడమని మీరే గుర్తుచేయండి.

కాన్పయిన ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష మళ్లీ చేయించుకోవాలి. పసిబిడ్డతో హడావిడిలో చాలామంది మర్చిపోయేది ఇదే. నేను పాప టీకా కార్డు మీదే ఆ తేదీ రాసుకున్నాను.