ఇంట్లో సబ్బు చేస్తున్నారా? ముందు కాస్టిక్ సోడా సంగతి

నూనె ఒక ఎస్టరని, అంటే ఆమ్లమూ ఆల్కహాలూ కలిసి ఏర్పడిన పదార్థమని ఇంటర్‌లో చదివే ఉంటాం. గ్లిజరాల్ (గ్లిజరిన్) అనే ఆల్కహాల్‌కి మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. కాస్టిక్ సోడా (సోడియం హైడ్రాక్సైడ్, వంటసోడా కాదు) ఆ అతుకుల్ని విడగొడితే కొవ్వు ఆమ్లాలు సబ్బవుతాయి, గ్లిజరిన్ మిగులుతుంది. ఈ సోడా కలిపిన నీళ్లు వేలికి తగిలితే జిడ్డుగా జారుతుంది చూడండి, అది మన చర్మంలోని కొవ్వు సబ్బవడమే. కాసేపటికి మంట మొదలవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం తూకం. అరకిలో కొబ్బరినూనెకి సుమారు 91 గ్రాముల సోడా పడుతుంది. కాస్త నూనె మిగిలేలా 87 గ్రాములే వేస్తాం. అదే పల్లీనూనెకైతే 68 గ్రాములు చాలు. నేనొకసారి కొబ్బరినూనె తక్కువై సగం పల్లీనూనె పోశాను, సోడా మాత్రం పాత లెక్కే. పొడిబారిన సబ్బు మీద తెల్లటి పొడి, రుద్దుకుంటే చురచుర. మొత్తం పారేశాను. నూనె మారితే లెక్క మారాల్సిందే. చెంచాలతో, గ్లాసులతో కొలవద్దు, గ్రాముల త్రాసు కావాలి. వానాకాలంలో డబ్బా మూత వదిలేస్తే సోడా తేమ పీల్చుకుని బరువెక్కుతుంది, తూకం తప్పుతుంది. గడ్డకట్టిన సోడా వాడకండి. డ్రైనేజీ పైపులకి వేసే పొడి అసలే వద్దు, అందులో ఇంకేవో కలుపుతారు.

నీళ్లలో సోడా కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. ఉన్నట్టుండి 80 డిగ్రీల దాకా వేడెక్కి చిమ్ముతుంది. స్టీలు గిన్నె మంచిది. అల్యూమినియం గిన్నె తీశారో, నురగతో హైడ్రోజన్ వస్తుంది, గిన్నె కూడా తినేస్తుంది. గాజు పగలొచ్చు. కిటికీ దగ్గర నిలబడండి, ఆవిరి పీల్చకండి. కళ్లని పూర్తిగా కప్పే రక్షణ కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. పిల్లలు ఆ గదిలో ఉండకూడదు. సోడా నీళ్లు చూడ్డానికి మంచినీళ్లలాగే ఉంటాయి కాబట్టి తాగే గ్లాసులో పోసి పక్కన పెట్టొద్దు.

ఒంటి మీద పడితే వెనిగర్, నిమ్మరసం అని వెతక్కండి. కుళాయి కింద కనీసం 20 నిమిషాలు కడగండి. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి. మింగితే వాంతి చేయించొద్దు, వచ్చేటప్పుడు గొంతు రెండోసారి కాలుతుంది.

సబ్బులో కలిపే సువాసనల్లోనూ ఎస్టర్లుంటాయి. మల్లె వాసననిచ్చే బెంజైల్ అసిటేట్, అరటిపండు వాసననిచ్చే ఐసోఅమైల్ అసిటేట్ అలాంటివే. సోడా వాటినీ విడగొడుతుంది కాబట్టి వాసన చప్పబడొచ్చు, ఎక్కువ పోసినా లాభం లేదు. అచ్చులోంచి తీసేటప్పుడు కూడా గ్లౌజులు వేసుకోండి. నాలుగు వారాలు గాలికి ఆరనిచ్చాకే ఒంటికి.