బండి మీద మనసు ఎందుకు పడుతుంది, పడ్డాక ఏం చూసుకుని కొనాలి

వరంగల్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా స్ప్లెండర్ నడిపినాయన మళ్లీ స్ప్లెండరే కొంటాడు. బుల్లెట్ మనిషికి పల్సర్ చూపిస్తే మొహం తిప్పుకుంటాడు. ఆర్‌ఎక్స్ 100 కోసం తిరిగే పిల్లగాడికి అదే పైసలకు కొత్త బండి వస్తుందని చెప్పినా చెవికెక్కదు. దీన్ని పిచ్చి అనేసి ఊరుకోవచ్చు గానీ, ఈ ఇష్టానికి చాలావరకు కారణం యంత్రంలోనే ఉంటుంది. అదేదో తేల్చుకోకుండా బేరానికి దిగితే, మనసు పడింది ఒకదాని మీద, ఇంటికొచ్చింది ఇంకొకటి అవుతుంది.

మీకు నచ్చింది బండిలో ఏది?

చప్పుడా? పాత ఇనుప ఇంజిన్ బుల్లెట్ 350లో పిస్టన్ వెడల్పు 70 మి.మీ., అది పైకీ కిందికీ నడిచే దూరం 90 మి.మీ. ఇంజిన్ లోపల తిరిగే ఫ్లైవీల్ చక్రం కూడా బరువైనది. అందుకే ఇంజిన్ నిదానంగా తిరుగుతూ కూడా ఆగిపోదు, ఒక్కో దెబ్బ విడివిడిగా వినిపిస్తుంది. 2021 తర్వాతి క్లాసిక్, 2023 తర్వాతి బుల్లెట్‌లో వచ్చేది వేరే ఇంజిన్. అందులో వణుకు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది. పాతదాని దడదడ కోసం కొత్తది కొంటే నిరాశే. ఇక ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్. క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి మండుతుంది, ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారి. క్వింటాలు చుట్టుపక్కల బరువున్న బండికి 11 హార్స్‌పవర్. యాక్సిలరేటర్ తిప్పగానే చేతులు గుంజినట్టు అయ్యేది అందుకే.

చప్పుడు కాకపోతే కాలి అలవాటు కావచ్చు. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. స్ప్లెండర్‌లో గేర్లన్నీ పాదం ముందు భాగంతో కిందికి నొక్కడమే. పల్సర్‌లో ఫస్ట్ కిందికి, మిగతావన్నీ పైకి. పదేళ్లు స్ప్లెండర్ నడిపిన కాలు పల్సర్ మీద గేరు పెంచబోయి కిందికి నొక్కితే గేరు తగ్గిపోతుంది, వెనుక చక్రం పట్టేసినట్టై బండి జారుతుంది. పాత బుల్లెట్‌లో ఎక్కువ వాటికి గేరు కుడి కాలికి, వెనుక బ్రేకు ఎడమ కాలికి ఉంటాయి. హడావుడిలో బ్రేకు అనుకుని గేరు తొక్కుతారు. అలాంటి బండి కొంటే వారం రోజులు పొద్దున్నే ఖాళీ మైదానంలో ఆపడం ఒక్కటే సాధన చేయండి. హన్మకొండ చౌరస్తాలో నేర్చుకునే పని కాదది.

బరువు సంగతి బండి నడుస్తుండగా తెలియదు. ఇంజిన్ ఆపి, కొంచెం వాలుగా ఉన్నచోట వెనక్కి నెట్టి చూడండి, సెంటర్ స్టాండ్ మీదికి ఒక్కరే ఎక్కించండి. స్ప్లెండర్ 110 కిలోల పైచిలుకు, కొత్త బుల్లెట్ 195 కిలోలు. వడ్ల కేంద్రం దగ్గర బురదలో బండి తిప్పుకోవాల్సిన రైతుకు ఈ తేడానే అసలు తేడా. 45 కిలోల యూరియా బస్తా కాళ్ల దగ్గర పెట్టుకుని, గేర్ల గొడవ లేకుండా చెలక దాకా పోవాలంటే టీవీఎస్ ఎక్స్ఎల్‌ను మించింది లేదు. కల్లు కుండలు మోసే గీత కార్మికులు దాన్ని వదలకపోవడానికి కారణం కూడా అదే.

ఇవన్నీ ఒక ఎత్తు, మెకానిక్ ఒక ఎత్తు. నర్సంపేట, పరకాల, ఏటూరునాగారం, ఎక్కడైనా సరే, మీకు దగ్గరి మండల కేంద్రంలో ఆ ఇంజిన్ విప్పి బిగించగల మనిషి ఉన్నాడా అని ముందు కనుక్కోండి. స్ప్లెండర్ క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, చైన్ సెట్ ఏ చిన్న దుకాణంలోనైనా దొరుకుతాయి. పాత బుల్లెట్ టైమింగ్ (ప్లగ్ నిప్పు వేసే సమయం) కుదిర్చే చెయ్యి దొరకడమే కష్టం. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లలో చాలావాటికి కార్బురేటర్ లేదు, పెట్రోల్ ఇంజెక్షన్‌తో వస్తుంది. ఇంజెక్షన్‌లో లోపం వస్తే స్కానర్ ఉన్న చోటికే పోవాలి.

చూడబోయేటప్పుడు

పొద్దున్నే పోండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే ఏదో దాస్తున్నారని అనుమానించాల్సిందే. చల్లని ఇంజిన్ మాత్రమే నిజం చెబుతుంది.

పొగ రంగు చూడండి. ఫోర్ స్ట్రోక్‌లో స్టార్ట్ చేసిన కాసేపే నీలం పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు పోయినట్టు, అది చిన్న ఖర్చు. యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. అప్పుడు అమ్మేవారిని ఒక్క ప్రశ్న అడగండి: బ్లాక్ ఎన్నో బోరు మీద ఉంది, అంటే ఇప్పటికి ఎన్నిసార్లు బోరు పెంచారు? ఓవర్‌సైజ్ పిస్టన్లు 0.25, 0.50, ఇలా మెట్లుగా 1.00 మి.మీ. వరకు పోతాయి. చివరి మెట్టు దాటిన బ్లాక్‌కు లేత్ షాపులో కొత్త స్లీవ్ వేయించాలి.

టూ స్ట్రోక్‌కు కొంత పొగ మామూలే. బాగా వేడెక్కాక కూడా చిక్కటి తెల్ల పొగ వస్తూ, గేర్ ఆయిల్ తగ్గిపోతుంటే క్లచ్ వైపు క్రాంక్ సీలు పోయింది. గేర్ ఆయిల్‌ను ఇంజిన్ తాగేస్తోందన్నమాట. మాగ్నెట్ వైపు సీలు పోతే పొగ ఉండదు, బయటి గాలి లోపలికి పోతుంది, ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వనప్పటి వేగం) తనంతట తానే పెరుగుతుంది. ఇది ఇంకా ప్రమాదం. మిశ్రమంలో పెట్రోల్ పలచబడి పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది.

పాత బుల్లెట్ నెల రోజులు నిలబడి ఉంటే ఆయిల్ ట్యాంకులో ఉండాల్సిన ఇంజిన్ ఆయిల్ క్రాంక్ కేసులోకి దిగిపోతుంది. కిక్కు బరువెక్కుతుంది, మొదట కుప్పలుగా పొగ వస్తుంది. దాన్ని చూసి బోరు పోయిందని బేరం వదులుకోకండి, కిందికి దిగిన ఆయిల్ తీయించి మళ్లీ చూడండి. స్టార్ట్ చేసే పద్ధతీ వేరు: తాళం చెవి ఆన్ చేసి కిక్కును గట్టిగా తగిలేదాకా మెల్లగా నొక్కాలి, డీకంప్రెసర్ (ఇంజిన్ లోపలి ఒత్తిడి వదిలే లీవరు) పట్టి ఇంకొంచెం దించాలి, వదిలి కిక్కు పైకి రానిచ్చి, అప్పుడు పూర్తిగా తొక్కాలి. కిక్కు ఎదురు తంతోందంటే టైమింగ్ ముందుకు జరిగినట్టు. చీలమండ జాగ్రత్త. నిప్పు సమయం కుదిర్చే కాంటాక్ట్ పాయింట్ల ఎడం 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. వాల్వులను కదిలించే ట్యాపెట్లు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి: పుష్‌రాడ్ వేళ్లతో తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు.

ఇంజిన్ ఎంత పాడైనా బాగవుతుంది. ఫ్రేమ్ వంగితే బాగు కావడం కష్టం. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాలిలో ఉండేలా వెనుక ఒకరిని కూర్చోబెట్టండి. హ్యాండిల్‌ను మెల్లగా ఇటూ అటూ తిప్పితే మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగిందా, హ్యాండిల్ బేరింగ్ (కోన్ సెట్) అరిగిపోయింది. వెనుక చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపండి, ఆడితే వెనుక చక్రాన్ని పట్టే స్వింగ్ ఆర్మ్ బుషో, వీల్ బేరింగో ఏదో ఒకటి పోయింది. క్వారీ లారీలు తిరిగే గుంతల రోడ్ల మీద నడిచిన బండ్లలో ఇవి రెండూ తప్పకుండా చూడాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గీతలు బాగున్నా పాతబడ్డ రబ్బరు వానలో పట్టదు.

కాగితాలు

ఛాసిస్ నంబరు చాలా బండ్లకు హ్యాండిల్ కింద ఫ్రేమ్ మెడ మీద ఉంటుంది. ఆ చోట రాపిడి గుర్తులో, అంకెల వరుసలో వంకరో కనిపిస్తే అక్కడే ఆగిపోండి. ఇంజిన్ నంబరు కూడా ఆర్‌సీతో కలవాలి. ఆర్‌ఎక్స్ 100 తయారైంది 1985 నుంచి 1996 వరకే. ఆర్‌సీలో 2000 అని ఉండి ట్యాంకు మీద ఆర్‌ఎక్స్ 100 అని స్టిక్కర్ ఉంటే అది వేరే మోడల్‌కు వేసిన వేషం. ఏపీ 36, ఏపీ 15, ఏపీ 01 ప్లేటు (ఉమ్మడి రాష్ట్రం నాటి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ నంబర్లు) అంటే మన దగ్గర చాలామందికి మమకారం. కానీ ఆ నంబరున్న బండి 2014 జూన్‌కు ముందుది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. గడువు తేదీ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. పెండింగ్ చలాన్లు ఆన్‌లైన్‌లో చూసుకుని ఆ మొత్తం బేరంలో తగ్గించండి. పేరు మార్పిడి ఫారం 29, 30 మీద సంతకాలు పైసలు ఇచ్చేరోజే తీసుకోండి. ఫైనాన్స్ ఉన్న బండికి అప్పు తీరిందని చూపే ఫారం 35 కూడా.

తెచ్చుకున్నాక

పాత బండికి ఇప్పటి పెట్రోల్ కొంచెం కొత్త. 20 శాతం ఇథనాల్ కలిసింది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. పెట్రోల్ పైపు, కార్బురేటర్ కింది ఫ్లోట్ బౌల్ గాస్కెట్ ముందే మార్చేయండి. ఆయిల్ పంపు తీసేసిన టూ స్ట్రోక్‌కు లీటరు పెట్రోల్‌లో 25 నుంచి 30 మి.లీ. 2టీ ఆయిల్ కలపాలి. ప్లగ్ లేత గోధుమ రంగులో ఉంటే సరిగ్గా కుదిరినట్టు. నల్లగా తడిగా ఉంటే ఎక్కువైంది, తెల్లగా ఉంటే వెంటనే ఆపి చూడాలి.

సైలెన్సర్ జోలికి పోకండి. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ లోపలి ఆకారమే ఇంజిన్‌లో సగం పని చేస్తుంది. దాన్ని కోస్తే చప్పుడు పెరిగి పికప్ చచ్చిపోతుంది. చలానా అదనం.

వానాకాలం రేగడి మట్టి మడ్‌గార్డ్‌లో నిండి చక్రం ఆగిపోయినప్పుడు రేస్ చేసి లాగొద్దు, క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. దిగి కర్రతో గీకేయడమే. కడిగేటప్పుడు నీళ్ల ప్రెషర్ చక్రం మధ్యలో బేరింగ్ మీద కొట్టనివ్వకండి. చైన్ ఆరాక 90 నంబరు గేర్ ఆయిల్ వేసి, 25 మి.మీ. అటూ ఇటూ వదులు ఉంచండి.

నాన్న బండి అని కొనకుండానే చేతికొచ్చిన బండ్లూ ఉంటాయి. నెలల తరబడి నిలిపి ఉంచేదైతే ఫ్లోట్ బౌల్ కింది స్క్రూ విప్పి పెట్రోల్ వదిలేయండి, ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మెల్లగా నాలుగు కిక్కులు కొట్టండి, బ్యాటరీ వైరు తీసేయండి. యజమాని చనిపోయి ఉంటే 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి. మూడు నెలల్లోపు ఫారం 31తో వారసుల పేరుకు దరఖాస్తు పెట్టాలి. ఇన్సూరెన్స్ పేరు కూడా అప్పుడే మార్పించండి, లేకపోతే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ దగ్గర చిక్కు పడుతుంది.