వాన పడకముందే లాయంతో తేల్చుకోవాల్సినవి

నెలకింత అని కట్టి గుర్రాన్ని వేరొకరి లాయంలో ఉంచినవాళ్లకూ, ఆ లాయం నడిపేవాళ్లకూ ఎండాకాలంలో పెద్దగా మాటపట్టింపులు రావు. మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాక మొదలవుతాయి. గుర్రాన్ని బయటికి వదల్లేదేం? గడ్డి బూజు వాసన కొడుతోందేం? లాడం ఊడి మూడు రోజులైతే ఫోనెందుకు చేయలేదు? ఆ ఇంజెక్షన్ ఎవరినడిగి వేశారు? హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్ వైపైనా, శామీర్‌పేట వైపైనా ఇవే ప్రశ్నలు. చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలో వీటికి జవాబు దొరకదు. అందులో ఉండేది గేటు వేళలు, హెల్మెట్ సంగతి, ఫీజు కట్టాల్సిన తేదీ. అందుకే రోహిణి కార్తె ఎండల్లోనే ఒక సాయంత్రం ఇద్దరూ కూర్చుని కింది విషయాలు కాగితం మీద పెట్టుకోవాలి.

బయటికి వదలడం

రోజూ వదులుతామన్న మాట నమ్మి యజమాని గుర్రాన్ని చేర్చి ఉంటాడు. వాన తడిసిన నల్లరేగడిలో నాలుగు గుర్రాలు రెండు రోజులు తిరిగితే ఆ ప్యాడక్ (గుర్రాలను వదిలే కంచె మైదానం) సీజనంతా బురదగుంటే. జారితే కాలు మెలిపడుతుంది, బురద లాగితే లాడం ఊడుతుంది. కాబట్టి లాయంవాళ్లు గేటు మూసేయడం తప్పు కాదు. మూసేశాక ఆ గుర్రాన్ని ఏం చేయాలో ముందుగా రాసుకోకపోవడమే తప్పు.

ఆ పూట మూయాలా వద్దా అన్నది ఎవరు చెబుతారో ఒక్క పేరు రాయండి. ఉదయం ఏ గంటలోపు కబురు పంపుతారో రాయండి. బదులుగా షెడ్డు కింద పగ్గం పట్టి నడిపించడం, 20 నిమిషాల చొప్పున రెండుసార్లు, ఫీజులోనే ఉందా, విడిగా ఇవ్వాలా తేల్చండి. ఉరుములు మొదలైతే అప్పటికే బయట ఉన్న గుర్రాలను లోపలికి తెచ్చే పని ఎవరిదన్నదీ అక్కడే తేలాలి.

నిలబెట్టిన రోజు దాణా మరీ ముఖ్యం. పని చేసే గుర్రాన్ని కొట్టంలో నిలబెట్టి అదే దాణా పోస్తే, మళ్లీ పనిలోకి దించిన రోజు నడుము, తొడల కండరాలు కర్రల్లా బిగుసుకుపోవచ్చు, మూత్రం కాఫీ రంగుకు తిరగవచ్చు. ఆదివారం సెలవు తిని సోమవారం బండికి కట్టిన గుర్రాల్లో కనబడేది కాబట్టి ఇంగ్లండులో దీనికి సోమవారం జబ్బు అనే పేరే ఉండేది. కొట్టంలో నిలబెట్టిన రోజే గింజ దాణా సగానికి తగ్గించి లోటును ఎండుగడ్డితో నింపాలి. దీనికి యజమాని అనుమతి కోసం ఎదురుచూడకూడదు, దానంతటదే జరిగిపోవాలి.

మేత, దాణా

“బాగా పెడుతున్నాం” అని లాయం అంటుంది, “చిక్కిపోయింది” అని యజమాని అంటాడు. కొలత లేనంతకాలం ఇద్దరిదీ నిజమే. ముందు బరువు కట్టండి. ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసి, దాన్ని దానితోనే గుణించి, భుజం ముందు మొన నుంచి పిరుదు చివరి దాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 11,877తో భాగిస్తే కిలోల్లో బరువు దాదాపుగా వస్తుంది. చుట్టుకొలత 170, పొడవు 155 అయితే 377 కిలోలు. ఇద్దరూ కలిసి కొలిచి రిజిస్టరులో రాయండి, నెలనెలా అదే టేపుతో అదే చోట కొలవండి.

ఆ గుర్రానికి రోజుకు ఎండుగడ్డి ఏడు, ఏడున్నర కిలోలు కావాలి. అంటే బరువులో 2 శాతం. ఒకటిన్నర శాతం కంటే కిందికి పోనివ్వకూడదు. గింజ దాణా ఒక్క పూటకు బరువులో అర శాతం, అంటే 1.9 కిలోలు దాటకూడదు. దాటితే చిన్నపేగులో అరగని పిండిపదార్థం పెద్దపేగుకు చేరి పులుస్తుంది, కడుపునొప్పికి, గిట్టల వాపుకు అదే దారి. “ఒక తట్ట గడ్డి, రెండు డబ్బాల దాణా” అని రాసుకోవద్దు. తట్టలు వేరు, డబ్బాలు వేరు. లాయంలో వేలాడే తూకం ఒకటి ఉండాలి, లేకపోతే యజమానే కొనిపెట్టడం నయం.

వానల్లో మేత మారుతుంది, లాయంవాళ్లు చెప్పకుండా మార్చేది కూడా అప్పుడే. పచ్చగడ్డి చవకగా దొరుకుతుందని సూపర్ నేపియర్ అనే మేతగడ్డి మీదికి పూర్తిగా మళ్లుతారు. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. దాని మీద తవుడు దండిగా కలిపితే ఫాస్ఫరస్ ఎక్కువై ఎముకల్లోంచి కాల్షియం లాగేసుకుంటుంది. నెలలు గడిచాక కుంటడం, ముఖం ఎముకలు ఉబ్బడం కనిపిస్తాయి. నేపియర్ ఉండొచ్చు, కానీ మేతలో సగం మించకుండా, పక్కన లూసర్న్ అనే పప్పుజాతి మేత కాస్తయినా ఉండేలా ముందే మాట్లాడుకోండి. జొన్న చొప్ప అలవాటున్న చోట లేత జొన్న మాత్రం గుర్రం ముందు పెట్టనే వద్దు. సయనైడు భయం ఒకటైతే, మూత్రాశయం పాడై వెనక కాళ్లు తూలే జబ్బు రెండోది. వరిగడ్డి పరుపుకు సరే, అదే ప్రధాన మేత అయితే పేగులో గడ్డకడుతుంది.

బూజు విషయంలో బేరం లేదు. గుర్రం వాంతి చేసుకోలేదు, తిన్నది లోపలికే పోతుంది. బూజు పట్టిన మొక్కజొన్నలో పుట్టే ఫ్యుమోనిసిన్ అనే విషం గుర్రం మెదడునే కరిగిస్తుంది. దాణా బస్తాలు నేలకు అడుగెత్తు పలకల మీద, గోడకు జానెడు దూరంలో ఉండాలి. బూజు కనబడిన బస్తాను పారేసే అధికారం సైసుకు (గుర్రాన్ని చూసుకునే పనివాడికి) ఉండాలి. “సార్‌ని అడగాలి” అనే లాయంలో ఆ బస్తా గుర్రం నోట్లోకే పోతుంది.

ఒకే గోదాములో కోళ్ల దాణా, గుర్రపు దాణా పెట్టే ఫామ్‌హౌసులు చాలానే ఉన్నాయి. కోళ్ల దాణాలో కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్ అనే మందులు గుర్రం గుండె కండరాన్ని చంపేస్తాయి, విరుగుడు లేదు. పశువుల దాణాలోనూ మోనెన్సిన్ ఉండొచ్చు. వేరే గది, వేరే పార, వేరే తొట్టి అని రాయించండి. లాయం ఒప్పుకోకపోతే గుర్రాన్ని అక్కడ ఉంచవద్దు.

యజమానులకూ ఒక మాట. సైసు చేతిలో రహస్యంగా రెండొందలు పెట్టి “మావాడికి కాసిన్ని ఉలవలు ఎక్కువ వెయ్యి” అనడం ఊరంతా ఉన్న అలవాటు. లాయం ఒక లెక్కతో పోస్తుంది, సైసు ఇంకో లెక్కతో పోస్తాడు. రాత్రికి కడుపునొప్పి వస్తే డాక్టరుకు నిజం చెప్పేవాడు ఉండడు. ఉలవలు పెంచాలనుంటే నానబెట్టి, రోజుకు గుప్పెడు చొప్పున వారం పది రోజుల్లో పెంచమని మేనేజరుకే చెప్పండి, రిజిస్టరులో రాయించండి.

పరుపు, గిట్టలు, లాడాలు

ఊక, రంపపు పొట్టు, వరిగడ్డి ఏదైనా మందం ఆరంగుళాలు ఉందా అన్నది అడగాలి. కొట్టంలో మోకాళ్ల మీద నిమిషం కూర్చోండి. ప్యాంటు తడిస్తే, ముక్కుకు అమ్మోనియా ఘాటు తగిలితే మార్చాల్సిందే. గుర్రం పడుకునేది ఆ ఎత్తులోనే, మీరు నిలబడి పీల్చే గాలిలో కాదు. గిట్ట అడుగున నల్లగా కంపు కొట్టే పుండు తడి పరుపు పనే. రోజూ గిట్టలు గీకే పని ఫీజులో ఉందో లేదో తేల్చుకోండి. చాలా చోట్ల అది “స్వారీకి వచ్చినప్పుడు యజమాని చేసుకుంటాడు” అనే లెక్క, యజమాని వారానికోసారి వస్తాడు.

లాడాలు ఆరేడు వారాలకోసారి మార్చాలి. నానిన గిట్టలో మేకు పట్టు జారుతుంది కాబట్టి వానల్లో ఆ గడువు దాటనివ్వకండి. ఒక లాడం వంగి వేలాడుతుంటే అదే పూట ఊడదీయడం ఎవరైనా నేర్చుకుని ఉండాలి, లేకపోతే దాని మేకు మీదే గుర్రం కాలు వేస్తుంది. సొంత లాడాలవాడిని తెచ్చుకోనిస్తారా, తెస్తే ఆ రోజు గుర్రాన్ని ఎవరు పట్టుకుంటారు అన్నది చిన్న సంగతే, కానీ గొంతులు లేచేది దాని మీదే.

కొత్త గుర్రం, జ్వరాలు, పురుగుల మందు

కొత్తగా వచ్చిన గుర్రాన్ని 21 రోజులు విడిగా ఉంచుతామంటే యజమానులు అలుగుతారు. అలగకూడదు. వేరే బకెట్, వేరే బ్రష్, సైసు చివరగా వెళ్లే కొట్టం, రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత. 38.5 సెల్సియస్ దాటితే డాక్టరుకు చెప్పాలి. గ్లాండర్స్ అనే గుర్రాల అంటువ్యాధి పరీక్ష కాగితం లేనిదే గేటు తీయమనడమూ న్యాయమే. అది మనిషికీ అంటుతుంది. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కింద అనుమానం వచ్చినా అధికారులకు చెప్పి తీరాలి. నిర్ధారణ అయిన గుర్రాన్ని చంపేస్తారు, పక్క గుర్రాల రాకపోకలు ఆగిపోతాయి. దేశంలో దీనికి పెద్ద దిక్కు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం.

వానల తర్వాత జోరీగలతో సర్రా అనే జబ్బు వస్తుంది. వచ్చిపోయే జ్వరం, పొట్ట కింద, కాళ్లలో నీరు, కండ కరిగిపోవడం దాని గుర్తులు. వాడిన సూదితోనూ పాకుతుంది. “ఒక గుర్రానికి ఒక సూది” అన్నది గోడ మీద రాసి ఉండాలి. కొట్టాల్లోని తడి గడ్డి, పెంట ఈగలకు పుట్టిల్లు, పెంటకుప్పను వారానికోసారైనా దూరంగా తరలించాలి.

పురుగుల మందు అందరికీ ఒకే రోజు అన్న నిబంధన కూడా వాదనకు దిగేదే. ఐవర్‌మెక్టిన్ కిలోకు 0.2 మిల్లీగ్రాములు, మన 377 కిలోల గుర్రానికి 75 మిల్లీగ్రాములు. కంటి అంచనాతో తక్కువ పోస్తే పురుగు మందుకు అలవాటు పడుతుంది. వద్దనే యజమాని పేడ పరీక్షలో గుడ్ల లెక్క చూపిస్తే లాయం ఒప్పుకోవాలి, చూపించలేకపోతే యజమాని ఒప్పుకోవాలి. ధనుర్వాతం టీకా మాత్రం ఎవరి ఇష్టానికీ వదలొద్దు.

అర్ధరాత్రి ఫోను ఎత్తకపోతే

కడుపునొప్పికి గంటలే గడువు. వాన రాత్రి సిగ్నల్ ఉండదు. కొట్టం తలుపుకు ప్లాస్టిక్ కవర్లో ఒక కాగితం వేలాడాలి. అందులో యజమాని నంబరు, ఆయన దొరక్కపోతే నిర్ణయం తీసుకునే రెండో మనిషి, ఇద్దరు డాక్టర్లు, ఎన్ని నిమిషాలు ప్రయత్నించాక అడక్కుండా డాక్టరును పిలవొచ్చు (15 చాలు), ఎన్ని రూపాయల దాకా అడక్కుండా ఖర్చు పెట్టొచ్చు, ఆపరేషన్‌కు సమ్మతమా కాదా, బాధ తీరేలా లేకపోతే ప్రాణం తీయించే మాట ఎవరు చెప్పాలి అన్నవన్నీ ఉండాలి. ఆఖరిది రాయడానికి చేయి ఆడదు. రాయకపోతే గుర్రం తెల్లారేదాకా కొట్టుకుంటుంది.

డాక్టరు వచ్చేలోపు లాయం చేయాల్సింది తక్కువే. మేత తీసేయాలి, నాడి చూసి టైముతో రాయాలి (మామూలుగా నిమిషానికి 28 నుంచి 44, 60 దాటితే ఆలస్యం చేయకూడదు), ఆఖరిసారి పేడ ఎప్పుడు వేసిందో గుర్తు చేసుకోవాలి, దొర్లకుండా కాసేపు నడిపించాలి. సీసాతో నూనె పట్టకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫ్లూనిక్సిన్ అనే నొప్పి మందు డాక్టరు చెప్పకుండా వేయకూడదు, నొప్పిని కప్పేసి అసలు జబ్బును దాచేస్తుంది, కండకు వేస్తే అక్కడ కుళ్లే ప్రమాదం ఉంది. మా డాక్టరునే పిలవాలన్న నిబంధన మామూలు రోజుల్లో సరే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరు ముందు చేరితే వాళ్లే.

చట్టం చెప్పేది

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో బెయిల్‌మెంట్ (సొత్తును ఇంకొకరికి అప్పగించి ఉంచడం) అధ్యాయం చదివితే లాయంలో కూర్చుని రాసినట్టే ఉంటుంది. ఇంకొకరి సొత్తును తనదైతే ఒక మామూలు మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపాలన్నది 151వ సెక్షన్. చెప్పిన పనికి కాక వేరే పనికి వాడితే, ప్రమాదవశాత్తూ జరిగిన నష్టానికైనా బాధ్యుడే అన్నది 154. అక్కడి ఉదాహరణే గుర్రం: తన స్వారీకని తీసుకున్నవాడు ఇంట్లో ఇంకొకరిని ఎక్కిస్తే, వాళ్లు జాగ్రత్తగా నడిపినా గుర్రం పడి గాయపడితే నష్టపరిహారం ఇవ్వాలి. మీ గుర్రాన్ని స్వారీ క్లాసులకు వాడాలంటే లాయం ముందుగా రాతపూర్వకంగా అడగాల్సింది ఇందుకే. 150వ సెక్షన్ యజమాని వైపు తిరుగుతుంది: పొగరుబోతు గుర్రమని తెలిసీ చెప్పకుండా ఇస్తే, దాని మీంచి పడినవాడి గాయానికి ఇచ్చినవాడే బాధ్యుడు. తన్నుతుందా, ఉరుముకు బెదురుతుందా, ట్రక్కు ఎక్కదా, అన్నీ చేరేరోజే చెప్పి రాయించండి. ఆడ గుర్రం ఈనితే పిల్ల ఎవరిదన్న తగవుకూ 163లో జవాబుంది, వేరే ఒప్పందం లేకపోతే యజమానిదే.

బకాయి ఉంటే గుర్రాన్ని ఆపేస్తామన్న బెదిరింపు తరచూ వినబడుతుంది. 170వ సెక్షన్ ఆపుకునే హక్కు ఇచ్చేది శ్రమ, నైపుణ్యం పెట్టి సొత్తుకు మెరుగులు దిద్దినవారికి. కేవలం మేపినందుకు అది వర్తిస్తుందని లాయం ధీమాగా ఉండకూడదు. ఎన్ని రోజుల బకాయికి నోటీసు, ఆపైన ఏం చేస్తారు, ఆ రోజుల మేత ఖర్చు ఎవరిది అన్నవి రాసుకోవడం ఇద్దరికీ మేలు. “ఏం జరిగినా బాధ్యత యజమానిదే” అన్న ఒక్క వాక్యం మీద కూడా ఎవరూ నిశ్చింతగా పడుకోవద్దు. కంచె, కరెంటు, అగ్గి, దొంగతనం, గుర్రాల మధ్య కొట్లాట, ఒక్కోటి విడివిడిగా ఎవరి తల మీదో రాయండి.

పొసగక వెళ్లిపోవాల్సి వస్తే నోటీసు గడువు సాధారణంగా నెల. ఫీజు బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకోండి. వెళ్లే ఉదయం నాలుగు గిట్టలు, నాలుగు కాళ్లు, రెండు పక్కలు ఫొటో తీసి, ఆ రోజు బరువు, లాడాల తేదీ, చివరి పురుగుల మందు రాసిన కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టండి. టీకాల కార్డు, పరీక్షల కాగితాలు ఒరిజినల్ అడిగి తీసుకోండి. పాత లాయం దాణా, గడ్డి పది రోజులకు సరిపడా కొని ట్రక్కులో వేయించుకోండి, కొత్త చోట వాళ్ల మేతను రోజురోజుకూ కలుపుతూ మార్చడానికి.