హబ్‌కు ఇంటర్నెట్ ఉంది, బల్బులు మాత్రం అందడం లేదు

మా ఇంట్లో స్మార్ట్ లైట్ల హబ్‌ను (యాప్ ఆదేశాలను బల్బులకు చేరవేసే పెట్టెను) రూటర్ పక్కనే పెట్టి ల్యాన్ కేబుల్‌తో కలిపాము. పగలంతా సవ్యంగానే పనిచేసేది; సాయంత్రం అందరూ ఇల్లు చేరి వీడియోలు మొదలుపెట్టగానే వెనక గది, బాల్కనీ బల్బులకు ఎదురుగా యాప్‌లో ‘అన్‌రీచబుల్’ అని కనిపించేది. హబ్ మీది ఇంటర్నెట్ లైటు నిలకడగా వెలుగుతూనే ఉంది కాబట్టి, లోపం హబ్‌కూ బల్బులకూ మధ్య నడిచే జిగ్‌బీ (స్మార్ట్ పరికరాలు వాడే ఒక వైర్‌లెస్ పద్ధతి) సిగ్నల్‌లో ఉండాలి. కస్టమర్ కేర్ వారు మాత్రం రీసెట్ చేయమని తప్ప మరో మాట చెప్పలేదు.

వైఫై, జిగ్‌బీ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో పరిధిలో నడుస్తాయి; ఆ పరిధిలోని చిన్న చిన్న భాగాలే ఛానెళ్లు. రూటర్ వాడుతున్న 1వ ఛానెల్ 2412 మెగాహెర్ట్జ్‌కు అటూ ఇటూ దాదాపు 10 మెగాహెర్ట్జ్ మేర వ్యాపిస్తుంది. హబ్ వాడుతున్న జిగ్‌బీ 11వ ఛానెల్ 2405 వద్ద, అంటే సరిగ్గా ఆ రద్దీలోనే ఉంది. రూటర్‌లో ‘ఆటో’ తీసేసి 1వ ఛానెల్‌నూ 20 మెగాహెర్ట్జ్ వెడల్పునూ స్థిరపరిచి, హబ్‌ను యాప్ సెట్టింగుల్లోనే 2475 వద్ద ఉన్న 25వ ఛానెల్‌కు మార్చాను. పొడవైన కేబుల్ వేసి హబ్‌ను రూటర్‌కు మీటరుకు పైగా దూరం జరిపాను.

ఛానెల్ మార్చేటప్పుడు గోడ స్విచ్‌లన్నీ ఆన్‌లోనే ఉండాలి, లేకపోతే ఆ కబురు బల్బులకు చేరదు. పైగా హాలు బల్బును గోడ దగ్గర ఆపేస్తే, దాని మీదుగా సిగ్నల్ అందుకునే బాల్కనీ బల్బు కూడా తెగిపోయే అవకాశం ఉంది. అందుకే ఆ స్విచ్ మీద టేపు అంటించాము.