జర్మన్ ఆర్మీ మినియేచర్ బాకులు: కొనేముందు ఏం చూడాలి

సెకండ్ వరల్డ్ వార్ నాటి జర్మన్ సైన్యం వస్తువులు సేకరించేవాళ్లలో చాలామంది ఫుల్ సైజ్ ఆఫీసర్ బాకు రేటు చూసి ఆగిపోయి మినియేచర్ వైపు వస్తారు, చిన్నది కదా ఈజీ అనుకుంటారు, కానీ ఇదే కష్టం. 1935లో వచ్చిన ఆర్మీ ఆఫీసర్ బాకు యూనిఫాంలో భాగం కాబట్టి దానికో రూలు, ఒక డిజైన్ ఉంది. మినియేచర్‌కి అవేం లేవు. జర్మనీలో సోలింగెన్ అనే ఊళ్లోని కత్తుల కంపెనీలు కవర్లు చింపుకోడానికనీ, గిఫ్టుకనీ, షాపులో శాంపిల్‌గా చూపించడానికనీ ఎవరి పద్ధతిలో వాళ్లు చేసి అమ్మేశాయి. అందుకే ముందు కంపెనీల గురించి తెలుసుకోండి, కొనడం తర్వాత.

బ్లేడు మీద మార్కు చూడండి. ఐక్‌హార్న్ కంపెనీది ఉడత, డబ్ల్యూకేసీది శిరస్త్రాణం పెట్టుకున్న వీరుడి తల, హోలర్‌ది థర్మామీటర్, అల్కోసోది త్రాసు. ఏళ్లు గడిచేకొద్దీ మార్కులు మారాయి కూడా, ఉడత అన్ని కాలాల్లోనూ ఒకేలా ఉండదు. త్రాసు మార్కు గురించి ఒక మాట చెప్పాలి, ఆ కంపెనీ కాపెల్ అనే యూదు కుటుంబానిది, 1936లో నాజీల పాలనలో అది వాళ్ల చేతుల్లోంచి పోయింది, ఆ ఇంటి పెద్దాయన డాక్టర్ అలెగ్జాండర్ కాపెల్ 1942లో థెరేసియన్‌స్టాట్ అనే నాజీ నిర్బంధ శిబిరంలో చనిపోయారు. మీ దగ్గర అల్కోసో ముక్క ఉంటే పక్కన పెట్టే కార్డు మీద ఈ సంగతి కూడా రాయండి, అది లేకుండా ఆ వస్తువు చరిత్ర సగమే.

మార్కు పక్కన వెస్ట్ జర్మనీ అని ఉంటే అది 1949 తర్వాతది, ఇంక మాట్లాడక్కర్లేదు. 1945 తర్వాత మిగిలిపోయిన పార్టులు బిగించి అమెరికన్ సోల్జర్లకి అమ్మినవి కూడా ఉన్నాయి, వాటిలో ఒక్కో పార్టు అసలుదే అయినా మొత్తం బాకు యుద్ధకాలందని చెప్పలేం, ఆ తేడా రేటులో కనపడాలి.

తర్వాత 10ఎక్స్ లూప్ (పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం) తీసుకుని పిడికింద అడ్డంగా ఉండే క్రాస్‌గార్డ్ మీద గద్దని చూడండి. ఈకల గీతలు తెగినట్టు స్పష్టంగా ఉండాలి, మైనంలా మెత్తగా కలిసిపోయి, చిన్న చిన్న గుంటలతో ఉంటే అచ్చుపోసిన కాపీ అని అనుమానించండి. అరుగుదల కూడా చూడాలి: గద్ద ఛాతీ, ఒర బయటి అంచు లాంటి ఎత్తుగా ఉన్నచోట్ల పూత ముందు పోతుంది, మురికి గుంటల్లో చేరుతుంది. దీనికి రివర్స్‌లో ఉంటే ఎవరో కావాలని పాతదిగా చేశారన్నమాట.

పిడి తెల్లగా, పసుపుగా, నారింజ రంగులో ఉండొచ్చు. చాలావాటికి సెల్యులాయిడ్ అనే పాతకాలం ప్లాస్టిక్ వాడారు, బొటనవేలితో గట్టిగా రుద్ది వేడెక్కాక వాసన చూస్తే మన హారతి కర్పూరం వాసన వస్తుంది. రాకపోతే నకిలీ అనేయకండి, వేరే ప్లాస్టిక్‌లూ ఉన్నాయి. కానీ కాల్చిన సూదితో గుచ్చి చూడమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినొద్దు, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

ఆన్‌లైన్‌లో కొంటుంటే మార్కు దగ్గర్నుంచి తీసిన ఫొటో, ఒర వెనకవైపు, స్కేలు పక్కన పెట్టి మొత్తం బాకు ఫొటో అడగండి, ఇవ్వనంటే వదిలేయండి. మా తాత యుద్ధం నుంచి తెచ్చాడు అనే కథకి డబ్బులు కట్టొద్దు, వస్తువుకే కట్టండి. జర్మనీలో ఉంటున్న మనవాళ్లకి ఇంకో జాగ్రత్త: అక్కడి పీనల్ కోడ్ 86ఏ కింద నాజీ గుర్తులు పబ్లిక్‌గా చూపించడం నేరం, చరిత్ర పరిశోధన, చదువు లాంటివాటికి మినహాయింపులున్నా కొత్త కలెక్షన్ అని స్టేటస్‌లో పెట్టుకోడానికి అవి పనికిరావు. అక్కడే ఉంటే సోలింగెన్‌లోని బ్లేడ్ మ్యూజియంకి వెళ్లి అసలు పనితనం కళ్లారా చూడండి, ఫొటోల్లో అంత తెలీదు.

ఇంటికి తెచ్చాక బ్రాసో లాంటి మెటల్ పాలిష్‌తో తోమకండి, పోయిన పూత తిరిగి రాదు. సన్నగా మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ రాస్తే చాలు. బాకుని ఒరలో పెట్టి ఏళ్ల తరబడి వదిలేయకండి, లోపల చెమ్మ చేరి తుప్పు పడుతుంది, మన కోస్తా ఊళ్లలో మరీను. సెల్యులాయిడ్ పిడి ఉన్నవాటిని గాలాడని డబ్బాలో అసలు పెట్టొద్దు, అది పాడవడం మొదలైతే వచ్చే ఆవిరిలో యాసిడ్ ఉంటుంది, పక్కనున్న మంచి బ్లేడ్లకి కూడా తుప్పు పట్టిస్తుంది. ఎండాకాలంలో నెలకోసారి తీసి చూడండి, పిడి మీద సన్న పగుళ్లు గానీ జిగట గానీ ఘాటు వాసన గానీ కనపడితే ఆ ఒక్కదాన్ని వెంటనే వేరే చల్లటి అరలోకి మార్చేయండి.