పిల్లలు బరువులెప్పుడు ఎత్తొచ్చు?

బరువులెత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారన్న భయం చాలామందికి ఉంది. పక్కన తెలిసినవాళ్లుండి, సరైన పద్ధతిలో చేయిస్తే ఎదుగుదల ఆగుతుందనడానికి ఆధారాల్లేవు. చెప్పింది విని అలాగే చేయగలిగితే, ఒంటికాలిపై తూలకుండా నిలబడగలిగితే 7, 8 ఏళ్లకే మొదలుపెట్టొచ్చు. గుండెజబ్బు, మూర్ఛ లాంటివి ఉంటే మాత్రం ముందు డాక్టర్‌ని అడగాలి.

మొదటి కొన్ని వారాలు బరువు జోలికే పోవద్దు. గుంజీలు, గోడకు చేతులానించి పుషప్‌లు చాలు. తర్వాత చేతికి చీపురుకర్ర ఇచ్చి స్క్వాట్ (కుర్చీలో కూర్చున్నట్టు కిందికి దిగి లేవడం) చేయించి, ముందునుంచీ పక్కనుంచీ చూడండి. మడమలు లేస్తున్నాయా? మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా? నడుము గుండ్రంగా వంగుతోందా? ఇవి సరయ్యాకే డంబెల్. నా లెక్కలో ఈ చీపురుకర్ర దశే అసలు శిక్షణ, కానీ పిల్లలకు బోరు కొట్టేదీ ఇదే!

బరువు ఎంతంటే, తీరు చెడకుండా 10 నుంచి 15 సార్లు ఎత్తగలిగేంత. 15 తేలిగ్గా వస్తుంటే 5 నుంచి 10 శాతం పెంచండి, అంతకు మించొద్దు. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒకరోజు విరామం. కండలు రాలేదని పిల్లలు డీలాపడితే చెప్పండి: ఈ వయసులో బలం పెరిగేది ఎక్కువగా నరాలూ కండరాలూ కలిసి పనిచేయడం నేర్చుకోవడం వల్ల.

"ఎంత ఎత్తగలవో చూద్దాం" అనే పందేలు వద్దు. కీలు దగ్గర నొప్పంటే ఆ రోజుకి ఆపేయండి. ఇంట్లో డంబెల్స్ ఉంటే, మీరు లేనప్పుడు అందకుండా పెట్టండి. చిన్నపిల్లలకు దెబ్బలు ఎక్కువగా తగిలేది అవి కాలిమీద పడో, వేళ్లు నలిగో.