ప్రోటాన్‌లో లింక్ వేలాడుతోందా? 34 కోసం చూడండి

క్యూపిడ్ ప్రోటాన్ (ప్రోగ్రాముల మధ్య సందేశాలు పంపే Apache Qpid Proton లైబ్రరీ)లో అవతలివాళ్లు లింక్ (సందేశాలు వెళ్లే దారి) మూసేసినా మన వైపు అది వేలాడుతూ మెమరీ తింటూనే ఉంటుంది. లింక్ స్థితిని చెప్పే పీఎన్_లింక్_స్టేట్ (pn_link_state) విలువ ప్రింట్ చేయండి. 18 అంటే రెండు వైపులా యాక్టివ్ (2+16). 34 అంటే మనది యాక్టివ్, అవతలిది క్లోజ్డ్ (2+32). ప్రోటాన్ తనంతట తాను మన వైపు మూయదు, ఆ పని మనదే.

పీఎన్_లింక్_హెడ్ ఫంక్షన్‌కి 34లోని ఆ రెండు ఫ్లాగులూ (2, 32) కలిపి ఇస్తే సరిగ్గా ఇలాంటి వాటిలో మొదటిదాన్ని ఏరి ఇస్తుంది. ముందు పీఎన్_లింక్_నెక్స్ట్‌తో తర్వాతిది తీసి పెట్టుకుని, ఆపైనే చేతిలో ఉన్నదాన్ని క్లోజ్ చేయండి. స్టేట్ 36 అవ్వాలి, అంటే రెండు వైపులా క్లోజ్డ్ (4+32). ఫ్రీ చేయడం ఆ తర్వాతే.

అవతలి నుంచి క్లోజ్ కాకుండా ఉత్త డిటాచ్ (లింక్‌ను పూర్తిగా మూయకుండా విడదీయడం) వస్తే మాత్రం అంకె 18 దగ్గరే ఉండిపోతుంది. దానికి రిమోట్ డిటాచ్ ఈవెంట్‌ను విడిగా పట్టుకోవాల్సిందే.